సంతకం లేని జమ

నా చేతిరాత బాగుంటుంది. నా కొంప ముంచింది అదే.

చిన్నప్పుడు బళ్లో పంతులు నా పలక పట్టుకుపోయి పై తరగతి పిల్లలకు చూపించి వాళ్లను తిట్టేవాడు. ఆ పొగరు నాకు అప్పుడే ఎక్కింది, చాలా ఏళ్లు దిగలేదు. తాండూరులో కందుల అడ్తి దుకాణంలో గుమాస్తా పని దొరికింది కూడా రాత వల్లే. పెద్దసేటు తెల్లకాగితం ఒకటి నా ముందుకు తోసి, "గోడ మీద క్యాలెండర్ల ఏమున్నదో గది రాయి" అన్నాడు. రాశాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కాసేపు చూసి, "రేపటి సంది రా" అన్నాడు. జీతం ఎంతో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇప్పుడు అరవై మూడు. అడగకపోవడం అనే జబ్బు ఆ రోజే పట్టుకుందేమో.

అడ్తి అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. రైతు కందులు తెచ్చి మా దుకాణం ముందు దించుతాడు. హమాలీలు తూకం వేస్తారు, కొనేవాళ్లు ధర కడతారు, మేం మా కమిషన్ పట్టుకుని మిగతాది రైతు చేతిలో పెడతాం. ఎవరివి ఎన్ని బస్తాలు, ఎవరు ముందే ఎంత తీసుకున్నారు, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఇవన్నీ రాసేది గుమాస్తా. పైకి ఇంతే. లోపల ఇంకో వ్యవహారం నడిచేది. మా వైపు అడ్తి దుకాణం సగం బ్యాంకు. పంట అమ్మిన రైతు డబ్బంతా పట్టుకుపోడు. "ఉండనియ్ సేటు, అక్కరున్నప్పుడు తీస్కపోత" అంటాడు. దానికి నూటికి నెలకు రూపాయి వడ్డీ. దుకాణంలో పనిచేసేవాళ్లమూ అంతే. జీతంలో సగం చేతికి తీసుకుని, మిగతా సగం నా పేరు మీద జమ రాసుకునేవాణ్ని. గమనించారు కదా, నేనే రాసుకునేవాణ్ని.

ఆ జమలు రాసే పుస్తకం వేరే ఉండేది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు. దీపావళి నాడు పాతది మూసి కొత్తది తెరిచేవాళ్లం. మొదటి పేజీ మీద పెద్దసేటు కుంకుమ బొట్టు పెట్టి, రెండు పూలు వేసి, దండం పెట్టుకుని నా చేతికిచ్చేవాడు. నేను అందరి నిల్వలూ వడ్డీ కలిపి కొత్త పుస్తకంలోకి ఎక్కించేవాణ్ని. పని అయ్యాక ఆయన నా వెనక నిలబడి చూసి, "ముత్యాలు పేర్చినట్టున్నది" అనేవాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఒక్క మాట కోసం ఏడాదంతా ఎదురుచూసేవాణ్ని. ఆ పుస్తకంలో సేటు సంతకం ఎక్కడా ఉండదు. పెద్ద రైతులు మాత్రం వేరే చీటీ రాయించుకుని, దాని మీద సేటు సంతకం తీసుకుని పోయేవాళ్లు. మేం దుకాణం మనుషులం. మేం చీటీ అడిగితే సేటును దొంగ అన్నట్టే. అందుకని ఎవరమూ అడగలేదు. హమాలీలు కూడా అడగలేదు. వాళ్లలో సేడం వైపు నుంచి వచ్చి కన్నడం కలిపి మాట్లాడే ముసలాయన ఒకడుండేవాడు. ఆయనొక్కడే తెలివైనవాడు, ఏ వారానికా వారం మొత్తం కూలి చేతికి తీసుకుని పోయేవాడు. మేం ఆయన్ను చూసి నవ్వేవాళ్లం.

మా కాపురం వికారాబాదులో, అనంతగిరికి పోయే రోడ్డు పక్కన రెండు గదుల అద్దె ఇంట్లో. నా భార్య జాకెట్లు కుడుతుంది. ఆమె గిరాకీ అంతా ఆ నాలుగు వీధుల్లోనే ఉంది కాబట్టి ఇల్లు మార్చలేదు, నేనే రోజూ పొద్దున రైలెక్కి తాండూరు పోయి సాయంత్రం వచ్చేవాణ్ని. నలభై ఏళ్లు ధారూరు, రుక్మాపూర్ స్టేషన్లు చూసీ చూసీ, ఇప్పుడు నిద్రపోయినా తాండూరు రాగానే కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇద్దరం ఏడ్చేంత ఏడ్చి ఊరుకున్నాం. ఒకసారి మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి ఆమె అన్నది: "మనకు కొడుకైనా బిడ్డైనా గా జమ పైసలే. మంచిగ చూస్కో."

సగం జీతంతో ఇల్లు ఎలా నడిచిందో ఆమెకే తెలియాలి. కిరాయి మొదటి వారంలో ఇచ్చేది. కరెంటు బిల్లు ఆఖరు తేదీ దాకా ఆపేది. గ్యాస్ బండ అయిపోవచ్చిందని తెలియగానే వారం రోజులు పప్పు ముందే నానబెట్టి వండేది, తొందరగా ఉడుకుతుందని. ఏదైనా నెల జాకెట్లు తక్కువ వస్తే మహిళా సంఘంలో లోను తీసుకుని, ఆ కిస్తుల కోసం ఇంకో నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టేది. నేను ఆమెను ఏడిపించేవాణ్ని. "పదికీ పరకకూ లోనెందుకే, మనం లక్షాధికారులం" అనేవాణ్ని. ఆమె నవ్వేది కాదు. పోస్టాఫీసులో ఖాతా తెరవమని ఏడాదికి ఒకసారైనా అడిగేది. "పాసుబుక్కు ఇంట్ల ఉంటది. నేను చూస్కుంట" అనేది. నేను వినిపించుకోలేదు. అక్కడ వచ్చే వడ్డీ ఎంత, ఇక్కడ వచ్చే వడ్డీ ఎంత అని కాగితం మీద లెక్క వేసి చూపించాను. కాగితం మీద లెక్క వేయడంలో నన్ను మించినవాడు లేడు.

నా నమ్మకానికి ఆధారం లేకపోలేదు. నా భార్యకు నలభై దాటాక గర్భసంచి ఆపరేషన్ పడింది. డాక్టరు సాయంత్రంలోపు డబ్బు కట్టమన్నాడు. నేను తాండూరుకు ఫోన్ చేస్తే, గంటలో దుకాణం హమాలీ ఒకడు నలభై వేలు కవరులో పెట్టుకుని రైల్లో వచ్చి నా చేతిలో పెట్టాడు. మర్నాడు పెద్దసేటు స్వయంగా దానిమ్మ పండ్లు తీసుకుని ఆసుపత్రికి వచ్చి, నా భార్య మంచం పక్కన నిలబడి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, పైసలు ఏడికి పోవు, నేనున్న" అన్నాడు. ఏ బ్యాంకు మేనేజరు దానిమ్మ పండ్లు తెచ్చాడు? ఆమెను ఇంటికి తెచ్చాక, దుకాణానికి పోయి ఆ నలభై వేలు నా జమలోంచి తీసి ఖర్చు రాశాను. నా డబ్బే నాకిచ్చాడు, అయినా నేను ఆయనకు రుణపడినట్టు బతికాను.

ఇక ఇంకొకామె గురించి చెప్పాలి. నా సొంత డబ్బు పోయిన కథే అయితే ఎవరికీ చెప్పేవాణ్ని కాను.

బొంరాస్‌పేట వైపు ఊరామె, గొర్రెలు కాసుకునే ఇల్లు. రెండెకరాల కంది కూడా ఉంది. ఆ కందులు ఏటా మా దుకాణానికే తెచ్చేది. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె తమ్మీ అంటుంది. భర్త పోయిన తర్వాత కూడా నాలుగేళ్లు మంద వెంట తిరిగింది. మోకాళ్లు ఇక సహకరించక మిగిలిన గొర్రెలన్నీ ఒకేసారి అమ్మేసింది. ఆ డబ్బు పాత చీర ముక్కలో మూటకట్టి, ఆ మూటను తవుడు సంచిలో పెట్టి, తాండూరు దాకా బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చింది. రెండు లక్షల నలభై వేలు. నా బల్ల ముందు నేల మీద కూర్చుని, "బ్యాంకుల పెట్టుమంటున్రు తమ్మీ. ఈడ పెట్టుదునా, ఆడ పెట్టుదునా? నువ్వు చదువుకున్నోనివి, నువ్వెట్ల చెప్తె గట్ల" అన్నది.

పెద్దసేటు ఆ పూట దుకాణంలో లేడు. ఆమె డబ్బు ఇక్కడ పెట్టించమని నాకెవరూ చెప్పలేదు. అందులో నాకు ఒక్క పైసా రాదు. అయినా నేను కుర్చీలో వెనక్కి వాలి, ఆమెకు కూడా కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా కాగితం మీదికి వంగి శ్రద్ధగా చూసింది. చివరికి మూట విప్పి నా ముందు పెట్టి, కొంచెం మొహమాటంగా, "కాయిదం ఏమన్న ఇస్తరా తమ్మీ?" అని అడిగింది.

నేను నవ్వాను. "నేను రాసిందే కాయిదం అక్కా" అన్నాను.

ఆమె కూడా నవ్వింది, తనదే తప్పయినట్టు. ఎర్ర పుస్తకం తీసి ఆమె చూస్తుండగానే రాశాను. ఆమె వేలుతో ఆ రాతను ఒకసారి తాకి, వేలు కళ్లకద్దుకుని లేచింది.

ఆ తర్వాత నాలుగైదేళ్లు అంతా బాగానే సాగింది. ఆమె ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి వచ్చి వడ్డీ తీసుకునేది. వస్తూ వస్తూ సజ్జరొట్టెలో, కాసిన్ని కందికాయలో తెచ్చి నా బల్ల కింద పెట్టేది. ఆ వడ్డీ నా చేతులతోనే ఇచ్చేవాణ్ని, ఇస్తూ దాత మొహం పెట్టేవాణ్ని.

పెద్దసేటు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. దుకాణం కొడుకు చేతికి వచ్చింది. ఇతన్ని నేను నిక్కర్లు వేసుకునే వయసు నుంచి ఎరుగుదును, ఎక్కాలు నేర్పింది కూడా నేనే. నన్ను కాకా అని పిలుస్తాడు, ఇప్పటికీ అలాగే పిలుస్తాడు. చిన్నసేటుకు కందులంటే చిన్నచూపు. బండలు పాలిష్ చేసే యూనిట్ ఒకటి పెట్టాడు. వికారాబాదు చుట్టూ ప్లాట్లు కొన్నాడు. వాటికి డబ్బు ఎక్కడినుంచి పోతున్నదో నాకంటే బాగా తెలిసినవాడు లేడు, ఎందుకంటే రాసేది నేను. జమల డబ్బు పోతున్నది. రైతులదీ, హమాలీలదీ, ఆమెదీ, నాదీ. ఆ అంకెలన్నీ వంకర లేకుండా, వరస తప్పకుండా రాశాను. నోరు మెదపలేదు. అడిగితే బాగుండదనుకున్నాను. నా డబ్బు నాకిచ్చేయమని ఆ రోజుల్లో అడిగి ఉంటే ఇచ్చేవాడే, అప్పటికింకా అతని చేతిలో డబ్బు ఆడుతున్నది. నాకన్నీ తెలిసి కూడా అడగలేదు. రాత్రిళ్లు ఇది గుర్తొచ్చి నన్ను నేనే బూతులు తిట్టుకుంటాను.

పెద్దసేటు చనిపోయాక వచ్చిన దీపావళికి కొత్త ఎర్ర పుస్తకం రాలేదు. కుంకుమ ఉంది, పూలు ఉన్నాయి, బల్ల మీద కంప్యూటర్ పెట్టి దాని నుదుటికి బొట్టు పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన అకౌంటెంటు ఒకాయన సర్కారుకు చూపించే పక్కా లెక్కలన్నీ అందులోకి ఎక్కించాడు. "జమలు ఎక్కించరా?" అని అడిగాను. నలభై ఏళ్లలో నేను గొంతు పెంచి అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను. చిన్నసేటు స్వీటు డబ్బా నా ముందుకు తోస్తూ, "తర్వాత చూద్దాం కాకా, మొదలు నోరు తీపి చేస్కో" అన్నాడు. చేసుకున్నాను.

ఆ ఏడు నా భార్యకు కాళ్ల వాపులు మొదలయ్యాయి. షుగరు, బీపీ కలిసి మూత్రపిండాల మీద పడ్డాయన్నారు. మాత్రలకే నెలకు నాలుగు వేలు. మిషను తొక్కలేకపోయింది, జాకెట్లు ఆగిపోయాయి. ఆమె మెడలోని గుండ్ల గొలుసు తాకట్టు పెట్టాం. సంఘం లోను కిస్తులు నిలిచిపోయి, సంఘం ఆడవాళ్లు మా గడపలో కూర్చునే రోజులు వచ్చాయి. ఇల్లుగలాయన కిరాయి కోసం మా గుమ్మం ముందు గట్టిగా దగ్గి పోయేవాడు. నాకు ఒక కంట్లో పొర వచ్చింది. అప్పటికి ఎర్ర పుస్తకంలో నా పేరు మీద, మధ్యలో తీసుకున్నవన్నీ పోగా, పదకొండు లక్షల నలభై వేలు ఉంది. ఆ డబ్బు తీసుకుని పని మానేసి ఇంట్లో కూర్చోవాలి, ఆమెను మంచి ఆసుపత్రిలో చూపించాలి. మిగతా జీవితం మొత్తం ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. ఒక పొద్దున రైలు దిగి నేరుగా చిన్నసేటు బల్ల దగ్గరికి పోయి అడిగాను.

అతను ఫోన్ పక్కన పెట్టి, నా మాటలు పూర్తిగా విన్నాడు. కోపం చేసుకోలేదు. చేసుకుని ఉంటే నాకూ కొంచెం బలం వచ్చేది.

"ఏ పైసలు కాకా?"

"జమ పైసలు. ఎర్ర పుస్తకంల ఉన్నయ్ కదా."

"గా పుస్తకం ఎవరు రాసిన్రు?"

"నేనే రాసిన."

"నీ పేరు మీద పదకొండు లక్షలున్నయని రాసింది గూడ నువ్వేనా?"

నేను పుస్తకాలుండే అల్మారా వైపు చూశాను.

"నాయిన సంతకం ఏడన్న ఉందా? ఒక్క కాడ చూపియ్యి, రేపు పొద్దుగాల్ల నీ ఇంటికి తెచ్చిస్త" అన్నాడు. పుస్తకం తనే అల్మారా నుంచి తీసి నా ముందు పెట్టాడు. పాతవి కూడా ఒక్కొక్కటే తీసి పెట్టాడు. నేను పిచ్చివాడిలా ఒక్కో పేజీ తిప్పుతూ పోయాను. మొదటి పేజీల్లో ఎండిన కుంకుమ తప్ప పెద్దసేటు చేయి పడిన చోటు ఒక్కటి దొరకలేదు. అన్ని పేజీల్లో నా రాతే ఉంది. అంత అందమైన రాతను నేను అంతకుముందెప్పుడూ అసహ్యించుకోలేదు.

వికారాబాదు కోర్టు దగ్గర ఒక వకీలును కలిశాను. ఐదు వందలు తీసుకుని, సెల్లో తీసిన పేజీల ఫోటోలు చూసి, "ఇది పెట్టి కేసు వేస్తే, దొంగలెక్కలు రాసుకున్నడని తిరిగి మీ మీదనే వేస్తరు. రాసినోళ్లు మీరు, లాభం మీదే" అన్నాడు. బజారులో పెద్దమనుషుల దగ్గరికి కాళ్లరిగేలా తిరిగాను. పెద్దసేటుతో కలిసి నలభై ఏళ్లు చాయ్ తాగినవాళ్లు, మా జమల సంగతి తెలిసినవాళ్లు. అందరూ అయ్యో అన్నారు. ఒకాయన మాత్రం ఉన్నమాట చెప్పాడు. "మా దుకాణంల గూడ గట్లనే ఉన్నది కదా. నీకు ఇప్పిస్తే రేపు మా గుమాస్తాలు అడుగుతరు. మేమెట్ల మాట్లాడుతం?"

నెల తర్వాత చిన్నసేటే పిలిచాడు. పాలిష్ యూనిట్ ఆఫీసులో, ఏసీ గదిలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లు ఇప్పించాడు. బయట రాళ్లు కోసే మిషన్ల చప్పుడు. "నువ్వు నన్ను ఎత్తుకుని తిప్పినోనివి. నీకు అన్యాయం చేస్తే నాకు పుట్టగతులుంటయా?" అన్నాడు. మూడు లక్షలిస్తానన్నాడు. ఇవాళ అరవై వేలు, మిగతాది నెలకు ఎనిమిది వేల చొప్పున. కాకపోతే పుస్తకం గొడవ ఇంతటితో తెగిపోవాలి. యాభై రూపాయల బాండు పేపరు నా ముందు పెట్టాడు. ఏం రాయాలో ఇంకో కాగితం మీద టైపు చేయించి పెట్టాడు. ఎర్ర పుస్తకాల్లోని జమలన్నీ నేను నా ఇష్టం వచ్చినట్టు రాసినవనీ, ఆ డబ్బులేవీ దుకాణానికి ఎవరూ ఇవ్వలేదనీ.

"అన్ని జమలంటే... మిగతా వాళ్లవి?" అని అడిగాను. నాకు తవుడు సంచి కనిపించింది.

"వాళ్ల సంగతి నీకెందుకు కాకా? చీటీలున్నోళ్లకు ఇస్త. లేనోళ్లకు నేనేడికెల్లి తేవాలె?"

"బొంరాస్‌పేటామెది ఉన్నది. గొర్లమ్ముకున్న పైసలు."

"ఆమె వచ్చి నన్ను అడిగిందా?" అన్నాడు. తర్వాత మెత్తగా, "కాకికి ఆసుపత్రి ఖర్చు మస్తుగ అయితున్నదట కదా" అన్నాడు. కాకి అంటే పిన్ని, అంటే నా భార్య. అతని చిన్నప్పుడు మా ఇంటికి వస్తే ఆమె అతనికి గారెలు చేసి పెట్టేది.

నేను లేచి వచ్చేయలేదు. బల్ల గుద్దలేదు. ఆ గదిలో చల్లగా కూర్చుని ఆలోచించినట్టు నటించాను గానీ, నిజానికి అరవై వేలు ఎవరెవరికి ఇవ్వాలో మనసులో పంచుకుంటున్నాను. టైపు చేసిన దాని మీద సంతకం పెట్టబోతే, "నీ చేత్తోనే బాండు మీద రాయి కాకా. నీ రాత అందరూ గుర్తుపడ్తరు" అన్నాడు. రాశాను. ఏ మాటకు ఏ అర్థమో పూర్తిగా తెలిసే రాశాను. అలవాటు కొద్దీ అక్షరాలు గుండ్రంగా, తలకట్లు సమంగా వచ్చాయి. కింద సంతకం కూడా పెట్టాను. నా జీవితంలో జమల గురించి సంతకం ఉన్న కాగితం అదొక్కటే, అది అతని దగ్గర ఉంది.

అరవై వేలు ఆ వారంలోనే అయిపోయాయి. కిరాయి బాకీ, సంఘం కిస్తులు, మందుల దుకాణం. గొలుసు విడిపించలేకపోయాం. మొదటి నెల జీతం తొమ్మిది వేలు, కిస్తు ఎనిమిది వేలు వేరువేరుగా ఇచ్చాడు. మూడో నెలలో ఎనిమిది వేలు ఒక్కటే ఇచ్చాడు. "ఇది జీతమా, కిస్తా?" అని అడిగితే, "రెండూ ఒకటే అనుకో కాకా, బజారు చూస్తున్నవ్ కదా ఎట్లున్నదో" అన్నాడు. అప్పటినుంచి అదే నడుస్తున్నది. పని మానేస్తే కిస్తు ఆగుతుంది, కిస్తు ఆగితే మాత్రలు ఆగుతాయి. నా డబ్బే నాకు నెలనెలా ఇస్తున్నాడు, దానికి నేను రోజూ రైలెక్కి పోయి ఊడిగం చేస్తున్నాను. నా భార్యకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుని, "పోస్టాఫీసు మన సందు చివరనే ఉండె" అని మాత్రం అన్నది.

బొంరాస్‌పేట ఆమెకు మాత్రం చెప్పలేదు. చిన్నసేటు వడ్డీ ఆపేశాక రెండేళ్లుగా ఆమె వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి పంపాను. బజారు బాగాలేదన్నాను, వచ్చే పంటకు కలిపి ఇస్తారన్నాను. ఆమె ఒక్కసారి కూడా ఎదురడగలేదు. మొన్న కందుల సీజనులో మళ్లీ వచ్చింది. ఇంటి రేకులు గాలికి లేచిపోయాయట, ఇరవై వేలు కావాలట. నడుము బాగా వంగిపోయింది. దుకాణం నిండా బస్తాలు, హమాలీలు, దుమ్ము. చిన్నసేటు గల్లాపెట్టె దగ్గర ఫోన్లో ఉన్నాడు. నేను ఆమెను బయటికి తీసుకుపోయి చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టాను. ఇవాళ చెప్పేస్తానని గట్టిగా అనుకున్నాను. ముందు నా సంగతి చెప్పి, తర్వాత ఆమె సంగతి చెబుదామనుకున్నాను. అలా అయితే కొంచెం సులువవుతుందనుకున్నాను.

"అక్కా, నా పైసలు మునిగినయ్. నలభై ఏండ్లయి. పదకొండు లక్షలు" అన్నాను. ఆసుపత్రి సంగతి చెప్పాను, గొలుసు సంగతి చెప్పాను. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి నా చేయి పట్టుకుంది. ఆ చేతులు గొర్రెల బొచ్చు కత్తిరించీ కత్తిరించీ గరుకెక్కి ఉన్నాయి. "ఎంత కష్టమచ్చె తమ్మీ నీకు" అన్నది. కొంగుతో తన కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత నావి కూడా తుడిచింది.

"పరేషాన్ కాకు. నాయి ఉన్నయ్ కదా, నువ్వే రాసినవ్. నాకు రేకులకు ఇప్పుడేం తొందర లేదు. నా పైసలల్లకెల్లి మరదలుకు మందులకు తీస్కో. నీకు వచ్చినప్పుడు మళ్ల అండ్లనే రాద్దువు."

చెప్పవలసిన రెండో మాట నా నోట్లోనే ఉంది. ఆమె నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది.

"సరే అక్కా" అన్నాను.